పదింటికీ రెండింటికీ మధ్య

"తీసేశారు" అన్న మాటకీ "మానేసింది" అన్న మాటకీ ఎంత తేడా ఉందో, పంతొమ్మిదేళ్ళపాటు పత్రికాఫీసులో కూర్చుని ఇతరుల వాక్యాలు దిద్దిన నాకు, నలభై ఏడో ఏట గానీ తెలిసి రాలేదు.

2024 జనవరిలో నా ఉద్యోగం పోయింది. ఏ పత్రిక, ఏ ఊరు అని అడక్కండి. పేరు చెప్పి ఇప్పుడు సాధించేదేమీ లేదు. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు అద్దాల గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అనుబంధం ఎత్తేస్తున్నామనీ, నాతోబాటు మరో నలుగురి 'సేవలు' ఇక అవసరం లేదనీ ఎంతో మర్యాదగా చెప్పారు. సేవలంటే గుళ్ళో పల్లకీ సేవ గుర్తొచ్చి నవ్వొచ్చింది కూడా. మూడు నెలల జీతం ఇచ్చారు. నా టీ కప్పూ, కుర్చీలో వేసుకునే దిండూ, అట్ట ఊడిన నిఘంటువూ, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి వచ్చేశాను. పనిరోజున రెండింటికి మా వీధి ఎలా ఉంటుందో అన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. కుక్కలు పడుకుని ఉన్నాయి. ఎవరింట్లోనో కుక్కరు కూతేస్తోంది. నాకు ఆ వీధిలో పనేమీ లేనట్టనిపించింది.

మా ఎదురింటాయనకి అంతకు ముందు ఏడు ఉద్యోగం పోయింది. అప్పుడు చుట్టపక్కాలంతా పరామర్శకి వచ్చినట్టు వచ్చారు. గొంతు తగ్గించి మాట్లాడారు. ఆయన భార్యని పక్కకి పిలిచి ధైర్యం చెప్పారు. నా సంగతి తెలిసి వచ్చినవాళ్ళు మాత్రం, చెబితే నమ్మరు, నన్ను అభినందించారు!

"పోన్లే వదినా, ఇకనైనా హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు" అంది మా ఆడపడుచు.

"అదృష్టవంతురాలివే. రోజంతా నవలలు రాసుకోవచ్చు" అంది నా స్నేహితురాలు.

"పొద్దున్నే ఆ పరుగులు తప్పాయి. కాస్త నడుం వాల్చు" అన్నారు మా అత్తగారు, నిజమైన ప్రేమతోనే.

మావారు మంచి మనిషి. "నా జీతం ఉందిగా" అన్నారు. ఉంది, కాదనను. కానీ మా అమ్మాయి హాస్టలు ఫీజు నా జీతంలోంచి కట్టేదాన్ని. నా చీరలూ, మా అమ్మ మందులూ, పండక్కి నేను ఎవరికి ఏం పెట్టినా అందులోంచే. ఆ డబ్బు లెక్క ఎవరికీ చెప్పక్కర్లేదు. అది పోతే ఏం పోయినట్టో ఆయనకి ఎలా చెప్పను? పైగా ఆయన చుట్టాలందరితో ఫోన్లో, "ఆవిడే మానేసిందండీ, రాసుకోవడానికి తీరిక ఉండటంలేదని" అని చెబుతూ వచ్చారు. పక్కగదిలోంచి వింటూనే ఉన్నాను. నా పరువు కాపాడుతున్నారని తెలుసు. నేను కూడా కాదనలేదు. ఎవరైనా మొహంమీద అడిగితే, "అవునండీ, మానేశాను" అన్నాను.

తీరా చూస్తే నవలా లేదు, గివలా లేదు. నాలుగు నెలల్లో నాలుగు పేజీలు కూడా రాయలేదు. ఆఫీసు ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామున లేచి, కుక్కరు మూడు కూతలు వేసేలోగా ఒక పేజీ రాసేదాన్ని. ఇప్పుడు రోజంతా నాదే. కాగితం ముందు కూర్చుంటే చేతులు ఆడవు. రెంటికీ చెడ్డ రేవడినయ్యానన్నమాట.

అటువంటప్పుడు మా అక్క ఫోన్ చేసింది. అక్కావాళ్ళు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటారు. "ఒసే, నువ్వు మానేసే మనిషివి కాదు. జ్వరమొచ్చినా ఆఫీసుకి పోయేదానివి. నాకు అబద్ధం చెప్పకు" అంది. నేను ఏడ్చాను. అది టిక్కెట్టు కొని పంపించింది. వాళ్ళ అమ్మాయి పెళ్ళికని తీసుకున్న వీసా ఇంకా చెల్లుతోంది. మే నెలలో బయల్దేరి వెళ్ళాను.

మా బావగారి గురించి చెప్పాలి. ఆయన రోజుకి పాతిక మాటలకి మించి మాట్లాడరు. ఉద్యోగం నుంచి విరమించి రెండేళ్ళయింది. వాళ్ళ కారు షెడ్డులో గోడకి ఆనించి సన్నటి, పొడుగాటి గొట్టాలు అయిదారు ఉన్నాయి. వాటిలో గాలపు కర్రలున్నాయట.

"మీ బావగారికి అదొక పిచ్చి" అంది అక్క. "ట్రౌట్ చేపలు పట్టడానికి రెండున్నర గంటలు కారు తోలుకుంటూ పోతారు. పట్టిందాన్ని మళ్ళీ ఏట్లో వదిలేసి వస్తారు. వదిలేసేదానికి పట్టడమెందుకూ?"

మాది గోదావరి ఒడ్డు. పుస్తెలమ్మయినా పులస తినాలనే దేశంలో పుట్టినవాళ్ళం. వర్షాకాలంలో సముద్రంలోంచి గోదారికి ఎదురెక్కి వచ్చే ఆ చేప కోసం చేలు తాకట్టు పెట్టిన మనుషుల కథలు వింటూ పెరిగాం. అలాంటివాళ్ళ అల్లుడు చేప పట్టి వదిలేస్తాడంటే మా నాన్న బతికుంటే ఏమనేవారో!

నేను వెళ్ళిన నాలుగో రోజున బావగారు కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, "శనివారం ఏటికి పోతున్నాను. వస్తావేమిటమ్మా?" అన్నారు. నా ఉద్యోగం సంగతి ఆయన అంతవరకూ ఎత్తలేదు. ఓదార్చలేదు, అభినందించనూ లేదు. అందుకే కాబోలు, "వస్తాను" అన్నాను.

అయితే ఊరికే వెళ్ళి కూర్చోవడం కాదట, నేర్చుకోవాలట. పెరట్లో పాఠం మొదలైంది.

మనకి తెలిసిన గాలంలో కొక్కేనికి వానపామునో, పిండి ఉండనో గుచ్చుతారు. దారానికి సీసపు గుండు కడతారు. ఆ బరువుకి గాలం వెళ్ళి నీళ్ళలో పడుతుంది. దీనికి ఆ పద్ధతి కాదు. చిన్న కొక్కేనికి ఈకలూ, బొచ్చూ, పట్టుదారం చుట్టి, అచ్చంగా ఈగలా తయారు చేస్తారు. అందుకే ఫ్లై ఫిషింగ్ అన్నారు. ఈగకి బరువు ఉండదు కదా, మరి విసిరితే ఎలా పోతుంది? తాడుకే బరువు ఉంటుంది. లావుపాటి తాడు ముందుకి పోతూ, దాని చివర వెంట్రుకంత దారానికి కట్టిన ఈగని తనతో తీసుకుపోతుంది.

"గడియారం అనుకో" అన్నారు బావగారు, కర్ర నా చేతికిచ్చి. "నీ తల పన్నెండు. ఎదురుగా పది. వెనక రెండు. కర్ర ఈ పదికీ రెండుకీ మధ్యనే తిరగాలి. రెండు దాటి వెనక్కి పోకూడదు. పది దాటి కిందికి దిగకూడదు."

పదింటికీ అయిదింటికీ మధ్య పంతొమ్మిదేళ్ళు బతికినదాన్ని. ఈ కొత్త గడియారం ఒక లెక్కా అనుకున్నాను. కానీ కర్ర వెనక్కి ఎత్తడం, వెంటనే ముందుకి కొట్టడం, ఠప్పున కొరడా దెబ్బలాంటి చప్పుడు. మళ్ళీ ఎత్తడం, కొట్టడం, ఠప్! కొక్కేనికి బదులు చివర ఊలు ముక్క కట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా చెవి నాకు దక్కేది కాదు. ఉడతలు కంచెమీద కూర్చుని చూశాయి. అక్క వంటింటి కిటికీలోంచి, "ఏమే, బట్టలు ఉతుకుతున్నావా, జాడిస్తున్నావా?" అంది.

"ఆగటంలేదు నువ్వు" అన్నారు బావగారు. "తాడు వెనక్కి పోయింది కదా. అది పూర్తిగా సాగి చాపుకునేదాకా రెండు దగ్గర ఆగాలి. అప్పుడే ముందుకి వెయ్యాలి. ఆగకుండా కొడితే ఆ చప్పుడు వస్తుంది. చివరున్న ఈగ తెగి ఎగిరిపోతుంది."

"ఎంతసేపు ఆగాలి బావగారూ?"

"తాడుని బట్టి. ఎంత పొడుగు తాడు వెనక్కి పోతే అంతసేపు."

సాయంత్రందాకా చేస్తే పదింటిలో ఒకటి కుదిరింది. ఆ ఒక్కటీ కుదిరినప్పుడు మటుకు చప్పుడే లేదు. తాడు గాలిలో సాగి, గడ్డిమీద పూలదండ పెట్టినట్టు పడింది.

రాత్రి ఆయన ఈగల పెట్టె తెచ్చి చూపించారు. చిన్న చిన్న అరల్లో బూడిద రంగువీ, తేనె రంగువీ, లేత పసుపువీ. కొన్ని పెసరగింజంత ఉన్నాయి. మెడ చుట్టూ నిలబడే ఆ ఈకలు కోడిపుంజు మెడవట. "చాలాకాలం ఇవి మన దేశం నుంచే వచ్చేవి. ఇండియన్ కేప్ అని అడిగి కొనుక్కునేవారు" అన్నారు. సంక్రాంతి కోళ్ళలో డేగనీ నెమలినీ రంగు చూసి చెప్పే ఊళ్ళోంచి వచ్చినదాన్ని, ఆ పెట్టె ముందు ఒక్కసారిగా ఇంట్లో ఉన్నట్టనిపించింది. ఆయనకి చత్వారం వచ్చి కొక్కెం కంట్లోకి దారం ఎక్కించలేక అవస్థపడుతున్నారు. నేను తీసుకుని ఎక్కించాను. ముడి ఎలా వెయ్యాలో చూపిస్తే రెండోసారికే వచ్చేసింది. బిగించేముందు దారాన్ని నోటితో తడి చెయ్యాలట. చిన్నప్పటినుంచీ మల్లెపూలు కట్టిన చేతులు, వీటికి ముడులు ఒక లెక్కా? "నాకు నెల పట్టింది" అన్నారు బావగారు. నాలుగు నెలల్లో నా చేతులు చేసిన మొదటి పని అదే.

శనివారం తెల్లవారుజామునే బయల్దేరాం. న్యూయార్క్ రాష్ట్రంలో కాట్స్‌కిల్స్ అనే కొండల్లో బీవర్‌కిల్, విల్లోవిమాక్ అని రెండు ఏళ్ళున్నాయి. రెండూ రాస్కో అనే చిన్న ఊళ్ళో కలుస్తాయి. అమెరికాలో ఈ విద్యకి ఆ చుట్టుపక్కలే పుట్టిల్లంటారు. దారిలో లివింగ్‌స్టన్ మేనర్‌లో దీనికోసమే ఒక మ్యూజియం ఉంది. బావగారు అక్కడ ఆపారు. ఆయన కర్రలు చూస్తుంటే నేను మనుషుల్ని చూశాను. ఆడవాళ్ళని చూశాను.

ఇంగ్లీషులో గాలం వెయ్యడం గురించి అచ్చయిన తొలి పుస్తకం 1496 నాటిది. దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు. ఆవిడే రాసిందనడానికి ఆధారం చాలదంటారు పండితులు. ఆడమనిషి రాసిందంటే అయిదువందల ఏళ్ళ తర్వాత కూడా సాక్ష్యం కావాలి కాబోలు! ఇక మన కాలానికి వస్తే జోన్ వుల్ఫ్. 1926లో పుట్టి, న్యూజెర్సీలోనే పెరిగి, పదేళ్ళ వయసులో కర్ర పట్టింది. నాట్యం కూడా నేర్పేది. 1960లో ఒక పోటీలో తాడుని 161 అడుగుల దూరం విసిరింది. 1979లో భర్త లీ వుల్ఫ్‌తో కలిసి బీవర్‌కిల్ ఎగువన ఒక బడి పెట్టింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం విన్నీ డెట్. రాస్కోలో వాల్ట్ డెట్, విన్నీ అని దంపతులు 1928లో ఈగలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. అప్పట్లో ఆ పని బాగా తెలిసినవాడు రూబెన్ క్రాస్. నేర్పమంటే నేర్పనన్నాడట. అప్పుడు వీళ్ళు అతని ఈగల్నే కొనుక్కొచ్చి, ఒక్కొక్కదాన్నీ దారం దారంగా విప్పి, ఎలా కట్టాడో తెలుసుకున్నారు. పక్కింటావిడ స్వెట్టరు డిజైను చెప్పకపోతే మనం ఏం చేస్తాం? అదే! తర్వాత వచ్చిన మహా మాంద్యంలో, దేశమంతా ఉద్యోగాలు పోతున్న రోజుల్లో, ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ ఈగలమీదే. తర్వాత కూతురు మేరీ కూడా అదే పని పట్టుకుంది. ఆ చుట్టుపక్కలే ఎల్సీ డార్బీ అని మరొకావిడ, భర్త హారీతో కలిసి ఈగలు కట్టి పేరు తెచ్చుకుంది. మొగుడు పక్కన కూర్చుని 'సాయం' చేసిన ఆడవాళ్ళు కారు. వాళ్ళ పేరు చెప్పి కొనుక్కునేవారు. అది వాళ్ళ ఉద్యోగం.

మళ్ళీ కారెక్కాక బావగారు హఠాత్తుగా అన్నారు. "నన్ను 2009లో తీసేశారు."

నాకు తెలీదు. మాకెవరికీ తెలీదు. ఆ రోజుల్లో అక్క ఇండియాకి ఫోన్ చేసి 'బావగారు ఇంటినుంచే పని చేస్తున్నారు' అని చెప్పినట్టు గుర్తు.

"పదకొండు నెలలు ఖాళీ. నలభై తొమ్మిదేళ్ళు నాకు. మీ అక్క జీతంతో గడిచింది. డబ్బుకి కాదమ్మా, ఉగాదికి ఒకరింట్లో భోజనానికి పిలిచారు. ఒకాయన నన్ను, ఇప్పుడెక్కడ చేస్తున్నారండీ అనడిగాడు. నేను నోరు తెరిచేలోగా మీ అక్క, కన్సల్టింగ్ చేస్తున్నారండీ అంది. మంచికే అంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పుకోలేనంత తప్పు నేనేం చేశానా అని." కాసేపు రోడ్డు చూశారు. "అప్పుడు మా పక్కింటి పెద్దాయన, రిటైరైన పంతులు, నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు."

పాతిక మాటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆయన మళ్ళీ ఏట్లోకి దిగేదాకా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మావారు పక్కగదిలో ఫోన్లో అంటున్న మాట నాకు వినిపిస్తూనే ఉంది.

బీవర్‌కిల్ మన గోదారి కాదు. అవతలి గట్టు మీద మనిషి మొహం కనిపిస్తుంది. నీళ్ళు అద్దంలా ఉండి అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఛాతీదాకా వచ్చే రబ్బరు పంట్లాం ఒకటి నాకు తొడిగించారు. మా అక్క కొడుకుదట. అద్దంలో చూసుకోలేదు గనక బతికిపోయాను. బావగారు ముందుగా ధర్మామీటరు తీసి నీళ్ళలో పెట్టారు, చంటిపిల్లకి జ్వరం చూసినట్టు. ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప. ఫారన్‌హీటు 68 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడడం కష్టమవుతుంది, అప్పుడు పట్టి వదిలినా బతకకపోవచ్చు. అందుకని అంత వేడుంటే ఆయన కర్ర తీయకుండానే ఇంటికి వెళ్ళిపోతారు. ఆవేళ 58 ఉంది.

పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా నేను పట్టినవి ఇవి: ఒక చెట్టుకొమ్మ, మళ్ళీ అదే చెట్టుకొమ్మ, నా టోపీ. అట్ట పెట్టెలోని పులిహోర తిన్నాక మళ్ళీ దిగాం. ఎండ వాలుతుండగా నీటిమీదినుంచి లేత పసుపు రెక్కల పురుగులు లేవడం మొదలుపెట్టాయి. తొలకరికి దీపం చుట్టూ చేరే మన ఉసిళ్ళు గుర్తొచ్చాయి. ఇవి వేరే జాతి. ఏడాదిపాటు నీటి అడుగున రాళ్ళ కింద బతికి, ఒక సాయంత్రం పైకొచ్చి రెక్కలు విప్పుతాయట. ఆ తర్వాత ఒకటి రెండు రోజులే. వాటికి తినడానికి నోరు కూడా ఉండదు. ఆ పురుగుల కోసం అక్కడక్కడ నీళ్ళలో చిన్న చిన్న గుండ్రాలు పుడుతున్నాయి. చేపలు!

బావగారు దిగువకి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే ఉన్నాననుకున్నాను. చూస్తే కాస్త ఎగువన ఒక ముసలావిడ, డెబ్బై దాటి ఉంటుంది, నడుంలోతు నీళ్ళలో నిలబడి అలవోకగా తాడు వేస్తోంది. నా చెట్టుకొమ్మల వ్యవహారం ఎంతసేపటినుంచి చూస్తోందో, నవ్వి పలకరించింది. ఎక్కడినుంచి వచ్చావంది. చెప్పాను. తర్వాత ఆ దేశంలో అందరూ అడిగేదే అడిగింది. "ఏం చేస్తుంటావు?"

నాలుగు నెలలుగా బట్టీపట్టిన జవాబు నాలుకమీదే ఉంది. ఏమైందో ఏమో, నోట్లోంచి వేరే మాట వచ్చింది. "పత్రికలో పనిచేసేదాన్ని. నన్ను తీసేశారు."

తెలుగులో ఎవరి దగ్గరా అననిమాట, ఇంగ్లీషులో, రబ్బరు పంట్లాం వేసుకుని, ముక్కూమొహం తెలియని మనిషితో అన్నాను.

ఆవిడ 'అయ్యో' అనలేదు, 'మంచిదే అయింది' అనలేదు. "ఎన్నేళ్ళు చేశావు?" అంది.

"పంతొమ్మిది."

ఆవిడ కర్ర దించేసింది. "పంతొమ్మిదేళ్ళు చాలా ఎక్కువకాలం" అంది నెమ్మదిగా. "నాకు చాలా విచారంగా ఉంది."

ఆ మాట అప్పటిదాకా నాతో ఒక్కరూ అనలేదు. ఏటి మధ్యలో నిలబడి నేను ఏడ్చాను. ఆవిడ వేరే వైపు చూస్తూ నిలబడింది, అదొక మర్యాద. కాసేపయ్యాక, "ఇంతకీ ఏ ఈగ వేస్తున్నావు?" అనడిగింది. చూపించాను. పెదవి విరిచి, తన టోపీకి గుచ్చుకున్న లేత పసుపు ఈగ తీసి ఇచ్చింది. దారం ఎక్కించి, ముడివేసి, నోటితో తడిచేసి బిగించాను. "నీకు మంచి చేతులున్నాయి" అంది ఆవిడ.

ఇకమీదట నేను బాగా విసిరానని చెబితే అబద్ధమవుతుంది. ఒకటి మటుకు నిజం. కర్ర రెండు దగ్గర ఆపాను. వెనక్కి తిరిగి తాడు సాగడం కళ్ళతో చూసి మరీ ముందుకి వేశాను. ఈగ నీటిమీద కూర్చుని వాలుకి నడిచింది. ఒక గుండ్రం పుట్టింది. కంగారుగా లాగాను, పోయింది. రెండోసారి కాస్త నిదానించాను. కర్ర వంగి, చేతిలో గుండెకాయ పెట్టినట్టు కొట్టుకుంది. నేను వేసిన కేకకి బావగారు పరుగెత్తుకొచ్చారు.

జానెడు చేప. అంతే. గోధుమరంగు ఒళ్ళు, దానిమీద ఎర్రటి చుక్కలు, చుట్టూ తెల్లటి అంచులు. పోచంపల్లి నేతగాడు చూస్తే చీరమీదికి ఎక్కించేవాడు. "చెయ్యి తడుపుకుని పట్టుకో. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు పోతుంది" అన్నారు. "బ్రౌన్ ట్రౌట్. ఇది ఇక్కడిది కాదు. 1883లో జర్మనీనుంచి గుడ్లు తెచ్చి పెంచారు. వలస వచ్చిందే, నాలాగా."

రాస్కో దిగువన ఆ ఏట్లో కొంతమేర పట్టిన చేపని చంపకూడదని రాష్ట్రమే నిబంధన పెట్టింది. నిబంధన లేకపోయినా చంపేదాన్ని కాదు. కొక్కెం ముందే నొక్కి ఉంది కాబట్టి సులువుగా వచ్చేసింది. ఏటికి ఎదురుగా మొహం పెట్టి పట్టుకుంటే, క్షణం ఊపిరి తీసుకుని, తోకతో నా వేళ్ళమీద ఒకటి కొట్టి వెళ్ళిపోయింది. ఎగువన ముసలావిడ చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండయింది. "ఏదీ చేప?" అంది అక్క గుమ్మంలోనే.

"వదిలేశాను."

"ఇంకేం, ఇంట్లో ఇద్దరయ్యారు" అని కంచాలు పెట్టింది. అన్నం తింటూ బావగారు, "మీ చెల్లెలికి ఆ ఉగాది సంగతి చెప్పానే" అన్నారు. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదిహేనేళ్ళయినా దానికి గుర్తుంది. "మీకు చిన్నతనంగా ఉంటుందని అన్నానండీ" అంది. "తెలుసు" అన్నారాయన. అంతే. అక్క ఆయనకి పెరుగు ఎక్కువ వేసింది.

మర్నాడు నేను మావారికి ఫోన్ చేశాను. "ఎవరైనా అడిగితే నన్ను తీసేశారనే చెప్పండి. మానేసిందనకండి" అన్నాను. చాలాసేపు ఆయన మాట్లాడలేదు. "నీకు బాధగా ఉంటుందేమోనని..." అన్నారు చివరికి. "అబద్ధమే ఎక్కువ బాధగా ఉంది" అన్నాను. "సరే" అన్నారు. మరునాడే వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి నిజం చెప్పారట. ఆ తర్వాత మా ఆడపడుచు నాకు ఫోన్ చేసి, మొదటిసారిగా, "డబ్బుకి ఇబ్బంది పడుతున్నావా వదినా?" అనడిగింది.

ఏటికి వెళ్ళొచ్చాను కదా అని నా ఉద్యోగమేమీ తిరిగి రాలేదు. ఆ ఏడు అమ్మాయి ఫీజుకి నా గాజుల జత అమ్మాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతున్నాను. పాత జీతంలో సగం వస్తుంది. నవల మొదలుపెట్టాను, ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేను. కాగితం ముందు చెయ్యి ఆడనిరోజున మునపటిలా కంగారుపడి కొట్టడం మటుకు మానేశాను. ఇది నిజంగా నేనే మానేశాను.

మొన్న జూన్‌లో మా వీధిలో ఒకావిడని ప్రైవేటు బళ్ళోంచి తీసేశారు. లెక్కల టీచరు. నేను వెళ్ళేసరికి నలుగురు చుట్టూ కూర్చుని, "పోనివ్వండి, ఆ అరుపులు తప్పాయి. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అంటున్నారు. ఆవిడ నవ్వుతూ తలూపుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు. వాళ్ళంతా వెళ్ళేదాకా కూర్చుని, "ఎన్నేళ్ళు చేశారండీ?" అనడిగాను.

"ఇరవై రెండు" అంది.

"చాలా ఎక్కువకాలం" అన్నాను.

ఆవిడ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను వీధివైపు చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళ పొడుగు తాడు మరి, అది సాగడానికి చాలాసేపే పడుతుంది.